ఏకగ్రీవంగా ఫెయిలైన అక్క

సర్వమత దైవశాస్త్ర కళాశాల చరిత్రలో తొలిసారిగా పరీక్షకులందరూ ఒకే మాట మీదికి వచ్చారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ మాట: మా అక్క ఫెయిల్.

ఆ కళాశాలలో ఎవరి మనసూ నొప్పించరు. ఉదయం ప్రార్థనలో కొందరు కళ్లు మూసుకోవాలంటారు, కొందరు తెరవాలంటారు. అందుకని అందరూ సగం మూస్తారు. ప్రార్థనలోని మాటలు అభ్యంతరాల మీద ఒక్కొక్కటే ఎగిరిపోయి, చివరికి దగ్గు మాత్రం మిగిలింది. దాన్ని ప్రిన్సిపాల్ గారు స్వయంగా దగ్గుతారు.

పీజీ పట్టాకు అక్కకి ఒక్క ప్రాక్టికల్ మిగిలింది. ఆసుపత్రిలో ఒక రోగికి ధైర్యం చెప్పాలి. పాసైతే అదే ఆసుపత్రిలో ఉద్యోగం. మంచం మీద మర్నాడు గుండె ఆపరేషన్ ఉన్న పెద్దావిడ, చుట్టూ కుర్చీల్లో నలుగురు పరీక్షకులు. వాళ్లను చూడగానే తన పని అయిపోయిందనే అనుకుంది ఆవిడ.

"అమ్మాయ్, దేవుడున్నాడంటావా?"

అక్క బుద్ధిగా మొదలుపెట్టింది. "దీనిమీద చాలా దృక్పథాలున్నాయండీ. మొదటిది..."

"నీ దృక్పథాలు తగలెయ్య! రేపు పొద్దున్నే నన్ను కోస్తారే తల్లీ! ఉన్నాడా, లేడా?"

చదివిన చదువంతా ఆవిరైపోయింది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఉన్నాడు పెద్దమ్మా. పడుకో."

ఆవిడ పడుకుంది. గురక కూడా పెట్టింది. సదరు గురక పరీక్షకు అంతరాయం కలిగించినట్టు నివేదికలో నమోదైంది.

వరండాలో విచారణ జరిగింది. "ఉన్నాడని అంత తేలిగ్గా ఎలా చెప్పేస్తావమ్మా? మేం ఉద్యోగాల్లో చేరినప్పట్నుంచీ చర్చిస్తూనే ఉన్నాం!" అన్నారు ఒకరు. "మా మతం వైపు నుంచి ఒక్క ముక్కైనా లేదు," అన్నారు మరొకరు. "మా వైపు నుంచీ లేదు లెండి," అని మూడో ఆయన వారి భుజం తట్టారు. నాస్తికుల తరఫున వచ్చిన నాలుగో ఆయన, లేడనే అవకాశం రోగికి ఇవ్వనేలేదని బాధపడ్డారు.

"ఆవిడ నిద్రపోయింది కదండీ," అంది అక్క.

"అది సిలబస్‌లో లేదమ్మా."

కబురు విని వచ్చిన ప్రిన్సిపాల్ గారు ఉప్పొంగిపోయారు. "ఇన్నాళ్లకు మనమంతా ఏకమయ్యాం! ఈ అమ్మాయి ఫెయిలవడం యావత్ మానవాళికి శుభసూచకం!" అందరూ ఫొటో దిగారు. అక్కను గౌరవంగా మధ్యలో నిలబెట్టారు.

ఇంటికొచ్చాక పిన్ని, బాబాయ్, పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చారు. ఉద్యోగం పోయిందే అని ఒక్కరూ అనలేదు. పెద్దావిడ ఆపరేషన్ ఏమైందనీ అడగలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "ఇంతకీ ఏ దేవుడున్నాడని చెప్పావే?" అన్నారు.

మీరు వాళ్లలాంటివారు కాదు. అక్క ఆ మాట అన్నప్పుడే మీకూ ఆ అనుమానం వచ్చింది. మర్యాదకొద్దీ ఇంతసేపూ ఆగారు.