ముప్పై ఒకటో తారీఖు చప్పుడు

ఆ రోజు ముప్పై ఒకటో తారీఖు. పొద్దున్నే టీ తాగేసి, ఎవరూ చూడకముందే షెడ్డులోంచి పికప్ బండి బయటికి తీసి, డాక్టరు దగ్గర ఆ చప్పుడు సంగతేదో తేల్చుకుని, ఎండెక్కేలోపు తిరిగొచ్చి పనిలో కూర్చోవాలని పెద్ద వడ్రంగి అనుకున్నాడు. డాక్టరంటే మనుషుల డాక్టరు కాదు, రెండు వీధుల అవతల ఉండే మెకానిక్కు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

ముప్పై ఒకటే ఎందుకంటే ఆ రోజు బండి ఎవరిదీ కాదు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు సామాన్లన్నీ పంచుకున్నారు గాని బండిని కోసుకోలేకపోయారు. బేసి తారీఖులు పెద్దవాడికి, సరి తారీఖులు చిన్నవాడికి అని పెద్దవాడి భార్య తీర్పు చెప్పింది. "మరి ముప్పై ఒకటీ, ఒకటీ వరసగా అన్నయ్యకే పోతాయి కదా వదినా?" అని తమ్ముడు మెలిక పెట్టాడు. "ముప్పై ఒకటిన బండి నాది. ఇద్దరూ చెరో పక్కా కూర్చుని నన్ను ఊరంతా తిప్పండి" అందావిడ. అలాగే తిప్పారు. ఆవిడ మధ్యలో కూర్చుని, ఇటువైపు నుంచి వచ్చిన తిట్టుని కాస్త మెత్తబరిచి అటువైపు అందించేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ముప్పై ఒకటిన బండి కదలడం లేదు.

విడిపోవడానికి కారణం ఒక తలుపు. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కాబట్టి చట్రంలో కాస్త సందు వదలాలని అన్న సిద్ధాంతం. సందు వదిలితే గాలికి కొట్టుకుంటుంది కాబట్టి బిగువుగా కూర్చోబెట్టాలని తమ్ముడి సిద్ధాంతం. మాటా మాటా పెరిగి, తలుపు చేయించుకున్నవాడు ఇంకో వడ్రంగిని వెతుక్కునేదాకా వచ్చింది. చివరికి దుకాణం మధ్యలో చెక్కగోడ కట్టుకున్నారు. ఆ గోడ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: సందు ఉండకూడదు. చెయ్యి తిరిగిన పనివాళ్లు కాబట్టి గోడ అద్భుతంగా కుదిరింది.

ఇప్పుడు చప్పుడు సంగతి. బేసి తారీఖున పెద్దవాడు బండి తీస్తే, ఇంజను కాస్త వేడెక్కగానే గుయ్యిమని మూలిగేది. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సరి చేయించేవాడు. మూలుగు పోయేది. మళ్లీ తన రోజు వచ్చేసరికి గుయ్యిమనేది. మధ్య రోజున తమ్ముడు ఏదో చేస్తున్నాడని, ఇదంతా కావాలనే చేస్తున్నాడని తేల్చుకున్నాడు. దానికి తోడు కిందటి వారం మరదలు గుమ్మం దగ్గరికొచ్చి, "బావగారూ, ఈ నెలాఖరుకి చప్పుడు పోకపోతే బండి అమ్మేస్తానంటున్నారు మీ తమ్ముడు" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ మాట పెద్దవాడికి గుండెలో ముల్లులా దిగింది. తమ్ముడు పొడుగు కాళ్లవాడు. బేసి తారీఖు పొద్దున్నే పెద్దవాడు ఎక్కేసరికి సీటు వెనక్కి జరిగి ఉండేది, అద్దం పైకి తిరిగి ఉండేది. సణుక్కుంటూ సరిచేసుకునేవాడు. వాడు నిన్న ఇక్కడ కూర్చున్నాడు, వాడి ఒంట్లో బాగానే ఉంది అని తెలిసే దారి అదొక్కటే. బండి పోతే అదీ పోతుంది.

తాళం పట్టుకుని షెడ్డులోకి వెళ్లేసరికి డ్రైవరు సీట్లో తమ్ముడు కూర్చుని ఉన్నాడు. రెండో తాళంతో. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు చూసుకున్నారు. అన్న వెళ్లి ఇటు తలుపు తీసి కూర్చున్నాడు. ఎవరూ దిగలేదు. చివరికి బండి డాక్టరు గ్యారేజీ ముందు ఆగింది. ఇద్దరినీ ఒకే బండిలో చూసి డాక్టరు చేతిలో స్పానరు జారిపోయింది.

"మధ్యలో కూర్చో" అన్నాడు అన్న. "కూర్చో" అన్నాడు తమ్ముడు. కూర్చున్నాడు.

నాలుగు వీధులు తిరిగేసరికి ఇంజను గుయ్యిమంది.

"విన్నావా? వాడికి చెప్పు, వాడి నిర్వాకం వినమని."

"ఇదేం చప్పుడు? నేనెప్పుడూ వినలేదే! నా రోజున పొద్దున్నే కీచుమంటుంది. ఆయనకి చెప్పు."

"కీచుమనడమేంటి? అబద్ధమాడినా అతికినట్టుండాలని చెప్పు."

డాక్టరు నుదుటి చెమట తుడుచుకున్నాడు.

అన్న బండి ఆపించి, "డైనమో బోల్టు తిప్పి బెల్టు వదులు చెయ్యి. ఇంకా. ఇంకో చుట్టు" అని దగ్గరుండి చేయించాడు. మూలుగు పోయింది. అన్న సీట్లో వెనక్కి వాలాడు. తమ్ముడు పళ్లు కొరుకుతూ, డైనమో మీద భారం పడేలా పట్టపగలు హెడ్‌లైట్లు వేసి, బండిని వంతెన మీదికి ఎక్కించాడు. బరువు పడగానే తోక తొక్కిన పిల్లిలా కీచుమంది.

"విన్నావా? ఇప్పుడు చెప్పు మా అన్నకి!"

వంతెన మధ్యలో బానెట్ లేచింది. "బిగించు. ఇంకా బిగించు. బిగింపు సంగతి నాకు నేర్పకు" అన్నాడు తమ్ముడు. బిగించగానే మూలిగింది. అన్న వదులు చేయించాడు. కీచుమంది. మళ్లీ బిగించారు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. స్కూటరు మీద ఒకాయన దిగి తనకు తోచిన సలహా ఇచ్చి వెళ్లాడు. ఇంతలో పోలీసు వచ్చాడు.

"ఎవరిదయ్యా బండి?"

"సరి తారీఖైతే ఈయనది సార్, బేసి తారీఖైతే ఆయనది" అన్నాడు డాక్టరు.

"మరి ఇవాళ?"

"ఇవాళ ఎవరిదీ కాదు సార్."

"అయితే స్టేషనుకి తీసుకుపోతాను, పీడా పోతుంది."

ఆ మాటకి అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే డ్రైవరు తలుపు దగ్గరికి పరిగెత్తారు. తమ్ముడు ముందు చేరి తాళం తిప్పాడు. ఇంజను ఈసారి గుయ్యిమనలేదు, కీచుమనలేదు. వాటర్ పంపు బేరింగు పటపటా విరిగి, బెల్టు తెగి, తెల్లటి ఆవిరి ముగ్గురి ముఖాలనీ కప్పేసింది.

ఆవిరి తగ్గాక డాక్టరు రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డాడు. "బండికి ఏ రోగమూ లేదు. అన్నగారు వచ్చి వదులు చేయమంటారు, చేస్తాను. తెల్లారి తమ్ముడుగారు వచ్చి బిగించమంటారు, బిగిస్తాను. నా గ్యారేజీ నుంచి మీ ఇల్లు రెండు వీధులే. రెండో చప్పుడు మొదలయ్యేలోపే బండి షెడ్డు చేరుతుంది. ఏడాదిగా ఇదే వైద్యం."

"చెప్పొద్దూ?" అన్నారు అన్నదమ్ములు ఒకే గొంతుతో.

"కిందటేడు ఒక్క మాట ఇటుది అటు చెప్తే, మా మధ్య మాటలు మోస్తావా అని ఇద్దరూ విడివిడిగా వచ్చి నా గ్యారేజీ పీకి పందిరేశారు. అయినా నేనెందుకు చెప్పాలి? రోజు విడిచి రోజు ఆయన ఒకటంటారు, మీరు ఒకటంటారు. మీరు మాట్లాడుకుంటున్నట్టే ఉంది నాకు!"

పోలీసు తొందరపెట్టాడు. డాక్టరు స్టీరింగు పట్టుకున్నాడు, అన్నదమ్ములిద్దరూ వెనక చేరి తొయ్యసాగారు. వెనకతలుపు ఇరుకైనది, భుజాలు రాసుకున్నాయి. ఎంత కాలానికో. తమ్ముడి చొక్కాకి రంపపు పొట్టు వాసన వేస్తోంది, తన చొక్కాకి ఉన్నట్టే. 'నువ్వన్నది నిజమేరా, కీచుమంది' అన్న మాట పెద్దవాడి నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తమ్ముడు ముందుకి చూసి కేకేశాడు.

"డాక్టరూ, మా అన్నకి ఆయాసం వస్తోంది. వదిలేసి కూర్చోమని చెప్పు."

"నాకేం ఆయాసం లేదని చెప్పు" అన్నాడు పెద్దవాడు. ఏడాదిగా అలవాటైన నోరు, మనసు కంటే ముందే పలికేసింది. తమ్ముడు తల తిప్పుకున్నాడు. బండి వాలు మీద దానంతటదే జారుకుంటూ వెళ్లిపోయింది. ఇద్దరూ వంతెనకి చెరో అంచునా నడిచి దిగారు.

డాక్టరు కొత్త పంపు, కొత్త బెల్టు వేసి, ఇద్దరినీ గ్యారేజీ గడప తొక్కనివ్వకుండా తనే సమంగా బిగించాడు. అమ్మకం మాట మళ్లీ రాలేదు. మూడో తారీఖున పెద్దవాడు బండి ఎక్కి, సీటు ముందుకి జరుపుకుని, అద్దం కిందికి వంచుకున్నాడు. తమ్ముడు తొయ్యబోతూ విప్పి పెట్టిన చేతిగడియారం ముందర అరలో అలాగే ఉంది. దాన్ని తీయలేదు. నాలుగు వీధులు తిరిగాడు. పట్టపగలు లైట్లు వేసి వంతెన ఎక్కాడు. ఏమీ వినిపించలేదు. తిరిగొస్తూ గ్యారేజీ ముందు ఆగాడు.

"నిన్న వాడేమైనా అన్నాడా?"

"ఏమనడానికి? చప్పుడు లేదుగా. అసలు ఇటు రాలేదు" అన్నాడు డాక్టరు.

బండి పూర్తిగా బాగైపోయింది. ఇప్పుడది కూడా మాట్లాడటం మానేసింది.