పడమటి స్తంభానికి ఏడు మీటర్లు

ఆదివారం ఉదయం శాంతరాజు పెట్టుకున్న పని చిన్నదే. చర్చికి వెళ్లేలోపు డాబా మీది కేబుల్ చుట్టను పడమటి స్తంభం నుంచి విప్పి తూర్పు స్తంభానికి బిగించాలి. సాయంత్రం నాలుగింటికి తూర్పునున్న కాకినాడ నుంచి స్నేహితుడు థామస్ గొంతు వినాలి.

భార్య తెరెసా పోయిన ఈ ఆరేళ్లలో, ప్రతి ఆదివారం, ఇంటి నుంచే దూరాలవాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియోలో థామస్ పలకరింపే ఆయనకు వారానికి సరిపడా మాట. ఇద్దరూ ఒకే కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాళ్లు. రెండు వారాలుగా ఆ గొంతు గరగరల్లో మునిగిపోతోంది. కిందటి ఆదివారం "ఒరేయ్ రాజూ, నేనిప్పుడు" అన్నంతవరకే వినబడింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. శాంతరాజుకు బెంగ పట్టుకుంది.

అందుకే ఉన్న యాంటెన్నా స్తంభానికి తోడు రెండోది నిలబెట్టాడు. రెంటిలో దేనికి ఆ కేబుల్ చుట్ట తగిలిస్తే, అటువైపు మాటలు బాగా వినబడతాయి. కేబుల్‌ని తెరెసా కుట్టుపని టేపుతోనే కొలిచి, పదిన్నర మీటర్లకు కోశాడు. గాలిలోకంటే కేబుల్‌లో తరంగం నెమ్మదిగా నడుస్తుందని ముప్పైయేళ్లు పిల్లలకు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఏడు మీటర్లకు తగ్గించాడు. ఆ సిగ్గులో శుక్రవారం దాన్ని తప్పు స్తంభానికి తగిలించాడు. ఇప్పుడు సరిచేసి, నిశ్చింతగా చర్చికి వెళ్లాడు.

శుక్రవారం నుంచి పక్కింటి డాబా మీద సినిమా షూటింగ్. హీరోయిన్ వెనక శాంతరాజు డాబా కనబడుతుంది. అసిస్టెంట్ డైరెక్టర్ భువన ఫోన్‌లో శుక్రవారం ఫోటో చూసి ఉలిక్కిపడింది.

"పృథ్వీ, ఆ నల్లచుట్ట ఎడమ స్తంభానికి కదా ఉండాలి? కుడికెలా వచ్చింది?"

"నాకేం ఎర్క మేడం. ముసలాయన మార్చిండేమో," అన్నాడు లైట్‌మేన్ పృథ్వీరాజ్.

"కంటిన్యుటీ పోతే తిట్లు నాకు. శుక్రవారం ఎలా ఉందో అలాగే పెట్టెయ్."

లైట్ స్టాండు కోసమని డాబా తాళం శాంతరాజే ఇచ్చి ఉన్నాడు. పృథ్వీరాజ్ మరలు విప్పి, బిగించి, చుట్టకు కట్టిన పురికొస ముడిని కూడా ఫోటోలో ఉన్నవైపే తిప్పాడు.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా శాంతరాజు రేడియో సెట్టు చంకన పెట్టుకుని పైకొచ్చాడు. సెట్టును పిట్టగోడ మీద పెట్టి, వైరు కలిపి, తలెత్తి చూస్తే చుట్ట పడమటి స్తంభానికే ఉంది. మతిమరుపు ఇంత తొందరగా వచ్చేసిందా అని భయపడ్డాడు. గబగబా మర మీద చెయ్యి వేశాడు.

"కట్," అని అవతల డైరెక్టర్ కేక. భువన పిట్టగోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్, దాన్ని ముట్టుకోకండి ప్లీజ్."

"ఇది నా యాంటెన్నా అమ్మా."

"మీదేనండీ. కానీ శుక్రవారం నుంచి మా సినిమాలో ఉంది."

"అంటే మార్చింది మీరా?"

కోపం రావలసిన చోట శాంతరాజుకు ప్రాణం కుదుటపడింది. మతి నిక్షేపంగానే ఉంది.

"నాలుగింటికి కాకినాడ నుంచి మా స్నేహితుడు పిలుస్తాడమ్మా. ఇది అటువైపు ఉండాలి."

"ఒక్క టేక్ అంకుల్."

డైరెక్టర్ మానిటర్ లోంచి తల ఎత్తలేదు. "ఆ పెద్దాయన్ని కూడా అక్కడే ఉంచండి. బాగున్నాడు. కదలొద్దని చెప్పండి."

"సార్, జర గట్లనే నిలబడుండ్రి," అన్నాడు పృథ్వీరాజ్. "చెయ్యి స్తంభం మీదనే."

హీరోయిన్‌కు కన్నీళ్లు రావడం లేదు. ఐదో టేకు అయ్యేసరికి నాలుగూ పది. తూర్పుకేసి చూస్తూ నిలబడ్డ శాంతరాజుకు మాత్రం అడగకుండానే వచ్చాయి.

ఆరో టేకు మధ్యలో పిట్టగోడ మీది సెట్టు గట్టిగా పలికింది.

"ఒరేయ్ రాజూ, థామస్‌ని. ఇవాళైనా వినబడి చస్తోందా? మూడో వారంరా నేను ఇలా అరవడం. పుణెలో మా అమ్మాయి జెరూష ఇంట్లో ఉన్నాను. రైల్లో ఫోన్ పోయింది. బాల్కనీలో తీగ కట్టుకుని పిలుస్తున్నా. ఇక్కడే ఉండిపొమ్మంటోంది పిల్ల."

పుణె పడమరకుంది. శాంతరాజు డైరెక్టర్ని, టేకుని మరిచిపోయి సెట్టు మైకు అందుకున్నాడు.

"పక్కింట్లో ఉన్నట్టు వినబడుతున్నావురా," అన్నాడు. ఏడవాల్సిన హీరోయిన్ నవ్వుతూ నిలబడింది.

మర్నాడు చుట్టను కదపొద్దని బతిమాలడానికి భువన వచ్చేసరికి, పడమటి స్తంభానికి ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద పెద్ద అక్షరాలతో "కంటిన్యుటీ. ఎవరూ ముట్టుకోరాదు" అని ఉంది.

అట్టముక్క మాత్రం శుక్రవారం ఫోటోలో లేదు.