కిటికీ పక్కన పేరులేని కుర్చీ

ఆ ఉదయం మబ్బు తలపెట్టిన పని చాలా చిన్నది. కాఫీ చల్లారేలోగా ప్లానులో ఒక పేరు దాచాలి, అంతే.

ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు అది. అక్కడ డ్రాయింగ్ పని చేసే అమ్మాయిని అందరూ మబ్బు అనే పిలుస్తారు. పని బాగా చేస్తుంది, కాదనలేం. కాకపోతే గీత సగంలో ఉండగా ఆకాశంకేసి తల తిప్పుతుంది, ఇక ఆ గీతను దేవుడే పూర్తి చేయాలి. ఇప్పుడున్న గదిలో ఆమెకు దక్కే ఆకాశం, ఎదురు మేడకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య అరచేతి వెడల్పు. వచ్చే వారం ఆఫీసు పై అంతస్తుకు మారుతోంది. అక్కడ ఓ మూల గోడంత కిటికీ ఉంది. ఎవరెక్కడ కూర్చోవాలో గీసే పని మబ్బుకే అప్పగించారు. ఆ కిటికీ పక్క చోటు తనకు కావాలి. జీతం పెంచకపోయినా సరే, ఆ చోటు మాత్రం కావాలి.

అడిగితే ఇవ్వరు, సీనియర్లున్నారు. అందుకని ఉపాయం పన్నింది. కిటికీ పక్కన కుర్చీ వేసి తన పేరు కనబడకుండా చేస్తే, అది వచ్చిపోయేవాళ్ల కోసమని అనుకుంటారు. మారే రోజు అందరికంటే ముందు వెళ్లి కూర్చుంటే లేపేదెవరు?

కంప్యూటర్లో ఆ కుర్చీలన్నీ నిజానికి ఒకటే బొమ్మ. బ్లాకు అంటారు. దానికి రెండు రూపాలు: సీనియర్లకు చేతులున్న కుర్చీ, మిగతావాళ్లకు చేతుల్లేనిది. ప్రతి కుర్చీకీ కూర్చునేవాళ్ల పేరు అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ రూపంలో పేరు కనబడాలో, ఏ రూపంలో దాగాలో ఒక్కచోట చెబితే చాలు, ఆ రూపం ఉన్న ప్రతిచోటా అదే అమలవుతుంది. మబ్బు తనకు చేతుల కుర్చీయే వేసుకుంది. ఆశపడ్డప్పుడు పిసినారితనం ఎందుకు? తన ఒక్క పేరే దాచాలంటే మూడో రూపం చేసుకోవాలని తెలుసు. చేయబోయింది కూడా. సరిగ్గా అప్పుడే ట్యాంకు వెనకనుంచి ఓ తెల్లమబ్బు, నిద్ర తీరని పిల్లిలా ఒళ్లు విరుచుకుంటూ వచ్చింది. అది దాటిపోయేదాకా చూసి, అదే మత్తులో చేతుల కుర్చీ రూపంలోనే పేరు దాచేసి, ప్రింటు తీసి నోటీసు బోర్డుకు గుచ్చి, కాఫీ కప్పుతో డాబా మీదికి వెళ్లిపోయింది.

బోర్డు మొదట చూసినవాడు స్తంభాలాయన. భవనాలకు స్తంభాలు ఎంత లావుండాలో తేల్చే ఇంజనీరు, ఆఫీసుతో పాటే ముసలైనవాడు. అటూ ఇటూ వెతికి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాడు.

"ఎస్టిమేట్లమ్మా, ఇందులో నా పేరుందా?"

ఖర్చుల అంచనాలు వేసే ఆవిడ గబగబా వచ్చింది. "నాదే లేదు అన్నయ్యగారూ! మొన్న చేరిన పిల్లలందరి పేర్లూ ఉన్నాయి చూడండి."

"అంటే మనల్ని పైకి తీసుకెళ్లరా?"

"ఎందుకు తీసుకెళ్తారు? నోటితో చెప్పడానికి మొహం చెల్లక బొమ్మ గీసి చెప్పారు!"

ఇక చూడాలి సందడి. స్తంభాలాయన తన సొరుగులు ఖాళీ చేస్తూ, ఎదురైన ప్రతివాడికీ ఒక స్కేలు జ్ఞాపకంగా ఇచ్చేశాడు. ఎస్టిమేట్లావిడ తిన్నగా సారు గదిలోకి దూసుకెళ్లింది.

"ఇన్నేళ్ల చాకిరీకి ఇదా సార్ మర్యాద?"

సారుకు ఏమీ అర్థంకాలేదు. ఆఫీసు మేడమ్‌ది, సారు ఆవిడ భర్త. సంతకాలు ఆవిడవి, సంజాయిషీలు ఆయనవి. బోర్డు దగ్గరికి వచ్చి చూస్తే, తన గదిలో తన కుర్చీకే పేరు లేదు.

"పొద్దున కర్టెన్ల రంగు బాగాలేదన్నాను," అన్నాడు నీరసంగా. "అయినా అంతమాత్రానికే మా ఆవిడ ఇంత పని చేస్తుందా?"

ఇంకెవరితోనూ మాట్లాడకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మబ్బు కిందికి వచ్చేసరికి ఎస్టిమేట్లావిడ ముక్కు చీదుతోంది. స్తంభాలాయన మబ్బు చేతిలో ఓ స్కేలు పెట్టి, "బాగా పైకి రా తల్లీ," అన్నాడు. మబ్బు బోర్డుకేసి చూసింది. తప్పెక్కడో తెలిసిపోయింది. ఒక్క నొక్కుతో అందరి పేర్లూ వచ్చేస్తాయి. ఆ నొక్కుతోనే కిటికీ పక్కన తన పేరు కూడా బయటపడుతుంది. మూడో రూపం చేసి దాచుకునే వ్యవధి ఉంది, చెయ్యి అటు వెళ్లింది కూడా. ఈలోగా స్తంభాలాయన గోడ నిమురుతూ కళ్లు తుడుచుకోవడం కనబడింది. ఇక మనసొప్పలేదు. పేర్లన్నీ కనబడనిచ్చి ప్రింటు తీసింది.

"బాబాయ్ గారూ, మీరు ఎక్కడికీ పోవడంలేదు. ఇదంతా నా నిర్వాకమే. కిటికీ కోసం కక్కుర్తిపడ్డాను," అంటూ దాన్ని బోర్డుకు గుచ్చింది.

స్తంభాలాయన తన పేరు చూసుకున్నాడు, తర్వాత కిటికీ దగ్గర ఆమె పేరు చూశాడు. "అయితే నా స్కేళ్లు నాకిచ్చెయ్యమను అందర్నీ!" అని కేకేశాడు.

అంతలో మేడమ్ వచ్చింది. సంగతంతా విని నవ్వాలో తిట్టాలో తేలక, "ఇంతకీ ఆయనెక్కడ?" అంది. అందరూ పైకి పరుగెత్తారు. పెద్ద కిటికీ ముందు, తిరగేసిన సిమెంటు తట్ట మీద సారు కూర్చుని ఉన్నాడు. ఆకాశం ఆయన మీదికి వంగినట్టుంది. మబ్బులు తీరిగ్గా ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"ఏమండీ, మిమ్మల్నెవరూ తీసెయ్యలేదు. పేరు కనబడలేదంతే!"

"తెలియక భయపడ్డానోయ్," అన్నాడాయన తల తిప్పకుండా. "తీరా కూర్చున్నాక ప్రాణం హాయిగా ఉంది. నా పేరు మళ్లీ కనబడనివ్వకు."

"అయితే ఈ కిటికీ చోటు మీదే," అంది మేడమ్. తర్వాత మబ్బు వైపు తిరిగింది. "నిజం ఒప్పుకున్నావు, బాగుంది. ఆయన గది ఇక నీది. నువ్వూ సీనియర్‌వే."

అందరూ చప్పట్లు కొట్టారు. మబ్బుకు ఏడుపొక్కటే తక్కువ. సారు గదికి నాలుగువైపులా గోడలే. అందులో చేరిన మొదటి పూటే ఆమె ప్లాను తెరిచి, ఎదుటి గోడకు పెద్ద కిటికీ గీసుకుంది. ప్రింటులో మాత్రం అది కనబడదు.