కుండీలో గుడ్డిపాము

ఆ ఆదివారం పొద్దున్నే మల్లెమొక్కలకు కుండీలు మార్చాలని కామాక్షి అనుకుంది. బరంపురం హల్దియాపదర్‌లో వాళ్ళుండే అపార్ట్‌మెంటు మేడమీద సగం ఆమె కుండీలే. ఒక కుండీ బోర్లించగానే మట్టిలోంచి నల్లటి దారంలాంటిది మెలికలు తిరుగుతూ బయటపడింది.

"వానపామే, పారెయ్యి," అన్నాడు భర్త ధర్మలింగం.

"వానపాము కాదండీ, గుడ్డిపాము. ఎవుల్నీ కరవదు."

కామాక్షి బరంపురం కాలేజీలో జువాలజీ చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువుతో ఎవరికీ పని పడలేదు.

కాస్త దూరంలో బట్టలారేస్తున్న పక్కింటి హరిచందన అదేమిటని ఒడియాలో అడిగింది. "అంధ సాప," అని చెప్పింది కామాక్షి, గుడ్డిపాము అని. గాలికి హరిచందన చెవిలో అది "ఆంధ్ర సాప" అయింది. ఆమె బకెట్టు అక్కడే వదిలేసి కిందికి పరుగెత్తింది.

కబురు రెండో అంతస్తుకు చేరేసరికి ఆ ఆంధ్రా పాము మామిడిపళ్ళ లారీలో వచ్చింది. కిందికి దిగేసరికి బారెడు పొడుగై పడగ కూడా విప్పింది. అపార్ట్‌మెంటు సెక్రటరీ పూర్ణచంద్ర పాములు పట్టే శంకర్‌కు ఫోన్ చేసి, "మేడమీద కుండీలన్నీ ఇయ్యాలే తీయించేస్తాను!" అని ప్రకటించాడు.

ఆ మాట విని కామాక్షి గుడ్డిపామును స్టీలు పళ్ళెంలో పెట్టుకుని శంకర్ వచ్చే వేళకు లిఫ్టులో దిగివచ్చింది. ఆమెను చూడగానే కింద గుమిగూడిన జనమంతా మెట్లెక్కేశారు. శంకర్ పొడుగాటి కర్రతో వచ్చి, పళ్ళెంలోకి తొంగిచూసి, "వానపాముకి నన్ను పిలిసినారేటి?" అని విసుక్కున్నాడు.

భయం పోయిన జనానికి కోపం వచ్చింది.

"వానపాముని సూపించి అందర్నీ అదరగొట్టేసినావేటి సెల్లెమ్మా?" అన్నాడు పూర్ణచంద్ర.

"నాను ముందే సెప్పినాను గదా," అన్నాడు ధర్మలింగం.

"ఇది పామే!" కామాక్షి ప్రాక్టికల్ పరీక్షలో నిలబడ్డట్టు నిలబడింది. "వానపాముకి ఒళ్ళంతా గీతలుంటాయి, జిగటగా ఉంటాది. దీన్ని ముట్టుకుని సూడు శంకరూ, పొడిగా నున్నగా లేదూ? ఇయి పొలుసులు. నమ్మకపోతే ఫోన్లో పెద్దది సేసి నోరు సూడు."

శంకర్ ఫోన్ పట్టాడు. తెరమీద సన్నటి నాలుక చటుక్కున బయటికొచ్చి లోపలికెళ్ళింది.

"ఓలమ్మో, పామే!" శంకర్ ఒక్క గెంతులో వెనక్కి పోయాడు. జనం మళ్ళీ మెట్లెక్కారు.

కామాక్షికి నవ్వాగలేదు. "దీని నోరు మనల్ని కరవడానికి సాలదు. సీమల గుడ్లు, సెదపురుగులు తింటాది, అంతే."

సెదపురుగులు అనగానే పూర్ణచంద్ర మెట్లు దిగాడు. ఆయన గుమ్మం నిండా చెదలే. "కుండీలు అలాగే ఉండనీ సెల్లెమ్మా," అని, గొంతు తగ్గించి, "మా గుమ్మం కాడికి ఇలాటియి ఒక జత దొరుకుతాయేటి?" అని అడిగాడు.

"జతెందుకన్నయ్యా? ఈ జాతిలో మగవే లేవు. అన్నీ ఆడవే. ఎవుల సాయం లేకండానే గుడ్లు పెట్టి సంసారం నడుపుకుంటాయి."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మగవాళ్ళందరికీ ఒక్కసారిగా ఇంట్లో పనులు గుర్తొచ్చాయి.