గేటుకు కొత్త యాప్

ఆ ఆదివారం పొద్దున కార్యదర్శి కాళ్లు నేలమీద నిలవడం లేదు. పదింటికి అపార్ట్‌మెంటు సంఘం మీటింగు. గేటుకు తను పెట్టించిన కొత్త యాప్ ఆరింటినుంచే పనిలోకి దిగింది. వచ్చినవాళ్లు ఫ్లాటు నంబరు నొక్కితే ఆ ఇంటివాళ్ల ఫోను మోగుతుంది, వాళ్లు ఫోనులో ఒకటో అంకె నొక్కితే గేటు తెరుచుకుంటుంది. "ఇది ఫెయిలైతే నా పదవికి రాజీనామా!" అని పోయిన మీటింగులో సవాలు విసిరాడు. రిటైరైన హెడ్మాస్టరు అధ్యక్షుడు. ఆయన ఆ మాటను మీటింగు పుస్తకంలో ఎర్రసిరాతో రాసి పెట్టుకున్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, మహానుభావుడు ఒక్కటి మరిచిపోయాడు. ముందురోజు పరీక్ష కోసమని ఇరవై నాలుగు ఫ్లాట్లకూ తన తల్లి నంబరే ఎక్కించాడు. మళ్లీ మార్చలేదు. ఆవిడ ముప్ఫై రెండేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరు.

మీటింగు హాల్లో టీవీలో గేటూ, అంతస్తుల వరండాలూ కనిపిస్తున్నాయి. కొరియరు మనిషి నంబరు నొక్కాడు. హాల్లో ఒక్క ఫోనూ మోగలేదు. కార్యదర్శి కుర్చీలోంచి లేచాడు. ఇంతలో గేటు తెరుచుకుంది!

"చూశారా! ఫోను మోగకుండానే తెరిచేసింది!" అని అతనే ముందు చప్పట్లు కొట్టాడు. తక్కినవాళ్లూ కొట్టారు.

"మా ప్లంబరు రెండో అంతస్తుకి పోయాడేంటండీ?" అంది మూడో అంతస్తు పిన్నిగారు, టీవీ వైపు చూస్తూ.

అప్పుడే రెండో అంతస్తాయన ఫోను పట్టుకుని లేచాడు. "నెల్లాళ్లుగా కారుతున్న మా కుళాయి బాగైందట! నేనెవరికీ చెప్పనేలేదు. అబ్బ, ఏం యాప్ అండీ!"

కార్యదర్శి ఏనుగెక్కినంత సంబరపడ్డాడు. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడి భార్య గుమ్మంలో నిలబడింది. "నా తమ్ముణ్ణి గేటు బయటే ఆపేసిందట మీ యాప్! 'పోయినసారి వారమని వచ్చి మూడు నెలలున్నారు కదా' అందట!"

కార్యదర్శి తన ఫోన్లో యాప్ తెరిచాడు. ఇరవై నాలుగు ఫ్లాట్లు, ఒకే నంబరు. "ఓరి నాయనో!" అంటూ రెండో అంతస్తులో తన ఇంటికి మెట్లెక్కాడు.

తల్లి కుర్చీలో నిటారుగా కూర్చుంది. చెవికి ఫోను, ఒళ్లో నోటుపుస్తకం. మొహం వెలిగిపోతోంది.

"ఒరేయ్, పొద్దున్నుంచి నలభై కాల్సురా! రిటైరయ్యాక నా ఫోను ఇలా మోగిందే లేదు. ఒక్కటీ వదల్లేదు తెలుసా!"

"కొంప ముంచావే అమ్మా! ప్లంబర్ని ఆ ఇంటికెందుకు పంపావు?"

"పిన్నిగారు తాళమేసి మీటింగుకెళ్లిందిగా. మన పక్కింటి కుళాయి చప్పుడుకి నెల్నుంచి నాకు నిద్రలేదు. వచ్చినవాణ్ణి ఊరికే పంపిస్తానా?"

ఆ ఆనందం చూశాక అతనికి తిట్టడానికి నోరు రాలేదు. వెనకాలే అధ్యక్షుడు మీటింగు పుస్తకం పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. కార్యదర్శి తల దించుకుని, "రాజీనామా రాసిస్తానండీ" అన్నాడు.

"అది తర్వాత చూద్దాం లెండి. అమ్మగారూ, మా బావమరిది ఇంకా గేటు దగ్గరే ఉన్నాడా?"

"లేదు మాస్టారూ, బస్సు టైము చెప్పి పంపేశాను."

అధ్యక్షుడు వెనక్కి తిరిగి, భార్య రాలేదని చూసుకుని, ఆ ఎర్రసిరా వాక్యాన్ని తన చేత్తోనే కొట్టేశాడు. నంబరు మార్చకూడదని ఆ పూటే తీర్మానమైంది. వ్యతిరేకించింది అధ్యక్షుడి భార్య ఒక్కతే.

మర్నాడు సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి కార్యదర్శి గేటు దగ్గర తన ఫ్లాటు నంబరు నొక్కాడు.

"నమస్కారం, ఎవరు కావాలండీ?"

"అమ్మా, నేనే!"

"అందరూ అలాగే అంటారు. లైన్లో ఉండండి."

కార్యదర్శి ఇరవై నిమిషాలు లైన్లో ఉన్నాడు.