గాజు గోళంలో ఐదో రొయ్య

ఆ ఉదయం కాంపౌండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి పళ్ళ ఆసుపత్రి తలుపు తీయడం, గదులు తుడవడం, పనిముట్లు మరగబెట్టడం, పది గంటలకి రాబోయే రిటైర్డ్ సైన్సు మేష్టారిని పారిపోకుండా కుర్చీ దాకా చేర్చడం. మొదటి మూడూ పదహారేళ్ళుగా చేస్తున్నవే. నాలుగోదే గండం. మేష్టారు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ మెట్ల మీంచే వెనక్కి తిరిగారు. ఈలోగా కింది దవడలో ఆఖరి పన్నుకి చీము పట్టింది.

"ఈసారి కూడా తప్పించుకుంటే పెద్దాసుపత్రిలో దవడ కోయించుకోవాల్సి వస్తుంది. ఆయన్ని ఆ గాజు గోళం ముందు పది నిమిషాలు కూర్చోబెట్టండి. మనసు కాస్త కుదుటపడగానే నెమ్మదిగా లోపలికి తీసుకురండి," అని డాక్టరమ్మ ముందురోజే చెప్పింది.

గాజు గోళం వెయిటింగ్ రూములో, కుర్చీలకెదురుగా చిన్న బల్ల మీద ఉండేది. చిన్న పుచ్చకాయంత. ముప్పాతిక వంతు నీళ్ళు, అడుగున ఇసుక, ఒక నల్లరాయి, ఒక ఎండు కొమ్మ, కాస్త నాచు, ఐదు బుల్లి ఎర్ర రొయ్యలు. ఒక్కోటి బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, అంతే. గోళానికి మూత లేదు. నీళ్ళు పోసిన రంధ్రాన్ని తయారుచేసినవాళ్ళే గాజు కరిగించి మూసేశారు. వెలుతురుకి నాచు పెరుగుతుంది, నాచు తిని రొయ్యలు బతుకుతాయి, రొయ్యలు విడిచినదాంతో మళ్ళీ నాచు బతుకుతుంది. బయటివాళ్ళ సాయం అక్కర్లేని సంసారం.

డాక్టరమ్మ దాన్ని కొన్నది కూడా అందుకే. అంతకుముందు ఆ బల్ల మీద ఒక తీగమొక్క ఉండేది. దానికి దాహమేస్తుందేమోనని కాంపౌండరు రోజుకు నాలుగుసార్లు నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టాడు. తర్వాత రెండు బంగారు చేపలు వచ్చాయి. వాటికి ఆకలేస్తుందేమోనని మేత వేసీ వేసీ పదకొండు రోజుల్లో సాగనంపాడు. మూడోసారి గోళాన్ని తెచ్చి బల్ల మీద పెడుతూ డాక్టరమ్మ అతని వైపు తిరిగింది.

"వీటి విషయంలో మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఏమీ చెయ్యకపోవడం. చేతనవుతుందా?"

"అయ్యో, ఎందుకు చేతకాదమ్మా!"

"ఇవి కూడా పోతే ప్రాణమున్నదేదీ ఇక మీ చేతికివ్వను. పేషెంట్లకి కూడా ప్రాణం ఉంటుంది. ఆలోచించుకోండి."

కాంపౌండరు ఆలోచించుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంకోచోట పనెవరిస్తారు? భార్య పోయిన దగ్గర్నుంచి అతనికి తెల్లవారడమంటే ఈ ఆసుపత్రి తలుపు తీయడమే. ఆదివారాలు తెల్లవారేవి కావు. అందుకని ఏడు నెలలుగా ఎంతో కష్టపడి ఏమీ చెయ్యకుండా నెట్టుకొస్తున్నాడు. పొద్దున్నే వాటిని పలకరించడం, లెక్కపెట్టడం మాత్రం మానలేదు. లెక్కపెట్టడం చెయ్యడం కిందికి రాదని అతని ఉద్దేశం.

ఆ రోజు లెక్క నాలుగు దగ్గర ఆగిపోయింది.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగే. అప్పుడు చూశాడు ఇసుక మీద. ఐదోది పక్కకి ఒరిగి, కాళ్ళు ముడుచుకుని, కదలకుండా పడి ఉంది. ఒంట్లో ఎరుపు చుక్కయినా లేదు, పాలిపోయింది. మిగతావాటిలో రెండు దాని మీద కూర్చుని తీరిగ్గా కొరుక్కు తింటున్నాయి.

 కాంపౌండరు గోళం మీదికి వంగాడు. "ఒరే, మీతోటిదేరా!" అన్నాడు గోళంతో. అవి వినిపించుకోలేదు.

పనిముట్ల సంగతి మరిచిపోయి గోళాన్ని కాస్త తిప్పాడు, శవం నల్లరాయి వెనక్కి పోతుందని. నీళ్ళు కదిలాయి, శవం లేచింది, గుండ్రంగా తేలి వచ్చి సరిగ్గా ముందుభాగంలో కూర్చుంది. ఇంకో వైపు తిప్పాడు. అపాయింట్‌మెంటు ఉన్న పేషెంటులా మళ్ళీ ముందుకే వచ్చింది. మూడోసారి తిప్పుతుండగా మెట్ల మీద డాక్టరమ్మ చెప్పుల చప్పుడు.

అతను గోళానికి అడ్డంగా వెనక్కి వాలి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. డాక్టరమ్మ తొమ్మిది గంటల పేషెంటు బస్సు డ్రైవరుతో కలిసి లోపలికొచ్చింది.

"ఏమిటలా నిలబడ్డారు?"

"నడుం పట్టేసిందమ్మా."

ఆవిడ బ్యాగులోంచి మాత్ర తీసి, అతను మింగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత బల్ల వైపైనా చూడకుండా గబగబా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. క్షణంలో లోపల పళ్ళు తొలిచే మర రొద మొదలైంది. చూడలేదు! లేని నొప్పికి మాత్ర మింగినా, అంత మేలు జరిగినందుకు కాంపౌండరు దేవుడికి మనసులో దండం పెట్టుకున్నాడు.

కాని చూడకుండా ఎంతసేపుంటుంది? డ్రైవరు పని పదింటిదాకా. ఆ తర్వాత ఆవిడ బయటికి రాక తప్పదు. అతను బీరువాలోంచి ఆపరేషన్లకి వాడే ఆకుపచ్చ గుడ్డ తెచ్చి గోళం మీద కప్పాడు. పేషెంట్లెవరైనా గుడ్డ తీస్తారేమోనని భయమేసింది. ఎక్స్‌రే గది తలుపుకి తగిలించిన బోర్డు ఊడదీసి తెచ్చి గుడ్డకి ఆనించాడు. దాని మీద ఎర్ర అక్షరాలతో "ప్రమాదం! దగ్గరికి రావద్దు" అని ఉంది.

ఇప్పుడెవరూ అటు చూడరనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత వచ్చిన ముగ్గురు పేషెంట్లూ అటు తప్ప ఇంకెటూ చూడలేదు.

నాలుగోసారి తలుపు తెరుచుకుని ఒక బామ్మగారూ, ఆవిడ మనవరాలూ వచ్చారు. బామ్మగారు కూర్చోకముందే బోర్డు చదివింది.

"ఏమిటి నాయనా అందులో?"

"ఏమీ లేదు బామ్మగారూ."

"ఏమీ లేనిదానికి ప్రమాదం ఏమిటి?"

"అంటే... ఉంది. మీరు చూడకూడనిది."

"పళ్ళాసుపత్రిలో నేను చూడకూడనిదేముంటుంది? నాకున్నవే ఆరు పళ్ళు!"

అంతలో టెలిఫోన్ మోగింది. కాంపౌండరు అటు తిరిగాడో లేదో, ఆరేళ్ళ మనవరాలు బల్ల కిందికి దూరి, గుడ్డ అంచు ఎత్తి చూసి కెవ్వుమంది.

"బామ్మా! లోపల పురుగులున్నాయి! బోలెడు కాళ్ళు! తెల్లటిదాన్ని దేన్నో తినేస్తున్నాయి!"

 మర రొద ఒక్కటే వినిపిస్తోంది. బామ్మగారు నెమ్మదిగా చేతిని దవడకి ఆనించుకుంది.

"పంటి పురుగులు," అంది. "పన్నుతోపాటే బయటికి లాగినట్టున్నారు. మా చిన్నప్పుడు ఒకతను చెవిలో పొగ ఊది తీసేవాడు, నేను కళ్ళారా చూశాను. మా ఇంట్లో ఎవ్వరూ నమ్మరు! ఇంకా ఆ పన్నునే తింటున్నాయి, చూశారా ఆకలి!"

సరిగ్గా అప్పుడే మేష్టారి భార్య మేష్టారి మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది. దవడ బంతిలా ఉబ్బిన మేష్టారు చివరి మాటలన్నీ విన్నారు. బోర్డు చూశారు. గుడ్డ చూశారు.

"కాంపౌండరు గారూ," అన్నారు మేష్టారు, గుడ్డ మీంచి చూపు తిప్పకుండా. "నిజమేనా?"

కాంపౌండరు లెక్క వేసుకున్నాడు. పురుగులు కావు, రొయ్యలని చెబితే గుడ్డ తీసి చూపించమంటారు. చూపిస్తే శవం బయటపడుతుంది. శవం బయటపడితే తన ఉద్యోగం ఊడుతుంది. అతని నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"భయపడకండి మేష్టారూ. అవి బయటికి రాలేవు. రంధ్రం కరిగించి మూసేశారు."

ముందొచ్చిన ముగ్గురు పేషెంట్లూ చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగారు. మేష్టారు భార్య చెయ్యి విడిపించుకున్నారు. మెట్లదారికి భార్య అడ్డంగా ఉండడంతో మిగిలిన ఒకే ఒక్క తలుపు తోసుకుని ఎక్స్‌రే గదిలోకి దూరి గడియ పెట్టుకున్నారు. అక్కడుండాల్సిన బోర్డు బల్ల మీద ఉంది కదా.

"ఏవండీ! తలుపు తియ్యండి!"

"నాకు నొప్పి తగ్గిపోయింది. నువ్వు ఇంటికెళ్ళు, నేను వెనకాలే వస్తాను."

"ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల్ని బెంచీలెక్కించిన మనిషి! పురుగంటే దాక్కుంటారా? సిగ్గులేదూ!"

"ఉంది. అందుకే తలుపేసుకున్నాను."

ఇటు బామ్మగారు ఫోను తీసి చెల్లెలికి చెబుతోంది. "సీసాలో పెట్టారే! చిటికెన వేలంత ఉన్నాయి!" రెండో ఫోను వియ్యపురాలికి. అప్పటికి బొటనవేలంత అయ్యాయి.

లోపల మర ఆగింది.

కాంపౌండరు బల్ల దగ్గరికి ఉరికాడు. డాక్టరమ్మ వచ్చేలోగా గోళాన్ని బీరువాలో దాచేద్దామని గుడ్డతో సహా రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకున్నాడు. రెండడుగులు వేశాడో లేదో, బల్ల మీంచి కింద పడిన బోర్డు మీద కాలు జారింది. గోళం చేతుల్లోంచి పైకి ఎగిరింది. గుడ్డ ఒక పక్కకి, గోళం ఒక పక్కకి. గాలిలో అది తిరుగుతున్నంతసేపూ అతనికి తన పదహారేళ్ళ ఉద్యోగం కనిపించింది. మేష్టారి భార్య చేసంచీ పారేసి, రెండు అరచేతులూ దోసిలి పట్టి దాన్ని అందుకుంది. పగల్లేదు.

అదే క్షణంలో తలుపు తీసుకుని డాక్టరమ్మ, ఆవిడ వెనకాల సగం మూతి మొద్దుబారిన డ్రైవరు నిలబడి ఉన్నారు.

"ఏమిటిదంతా?"

కాంపౌండరు నేల మీంచి లేవలేదు. అక్కడే చేతులు జోడించాడు. "చచ్చిపోయిందమ్మా. ఒక రొయ్య చచ్చిపోయింది. నేనేమీ చెయ్యలేదు, ఒట్టు. ఏమీ చెయ్యకుండానే చచ్చిపోయింది. నన్ను పంపించెయ్యండి."  కళ్ళు తుడుచుకోవడానికి ఆకుపచ్చ గుడ్డే దొరికింది.

ఎక్స్‌రే గది గడియ చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"రొయ్యలా?" అన్నారు లోపలినుంచి మేష్టారు.

 మేష్టారు ఒక కన్ను బయట పెట్టారు, తర్వాత రెండో కన్ను, తర్వాత జేబులోంచి కళ్ళజోడు. మెల్లిగా వచ్చి, భార్య దోసిట్లో ఉన్న గోళం ముందు వంగారు. వంగేటప్పటికి ఆయన గొంతు మారిపోయింది.

"చచ్చిందన్నదెవరు? చచ్చిన రొయ్య ఒళ్ళు చూపు దూరకుండా మసకబారిపోతుంది. దీన్ని చూడండి, గాజులా ఉంది. అవతల మా ఆవిడ వేలు కనిపిస్తోంది. వీపు మీద చీలిక చూశారా? ఇది ఉత్త పెంకు. పెరిగినప్పుడల్లా పాతది విడిచేస్తుంది. ఆ పెంకునే మిగతావి కొరుక్కు తింటాయి. అసలు రొయ్య ఎక్కడో ఉంటుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా దాని ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది. ఎవరేం చేస్తారోనన్న భయంతో ఏదో చీకటి మూలలో దూరి, ఎవరు పిలిచినా బయటికి రాదు."

"ఎక్కడో చూసినట్టే ఉంది," అంది మేష్టారి భార్య.

అందరూ గోళం చుట్టూ మూగారు. నల్లరాయి కింద సందులోంచి ముందు రెండు మీసాలు వచ్చాయి. ఆ తర్వాత ఎర్రగా, నిగనిగలాడుతూ, మునుపటికన్నా కాస్త పెద్దదిగా ఐదో రొయ్య బయటికొచ్చింది.

కాంపౌండరు "ఐదు" అన్నాడు. పైకే అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ చేసిన పని అతను ఊహించనిది. పక్కనున్న కుర్చీలో కూలబడి, చేతి తొడుగులతోనే మొహం కప్పుకుంది.

"నిన్న సాయంత్రం మీరు వెళ్ళాక నేనూ చూశాను, అలా పడి ఉండడం. రాత్రంతా నిద్రలేదు. రోజూ సాయంత్రం వెళ్ళేముందు వాటికి 'వెళ్ళొస్తా' అని చెబుతారు మీరు. నేను లోపలినుంచి వింటూనే ఉంటాను. ఇక ఆ మనిషికి ఈ సంగతి ఎలా చెప్పాలిరా దేవుడా అని, ఇందాక మీ మొహం చూడలేక, గోళం చూడలేక లోపలికి పరిగెత్తాను."

"మరి నన్ను పంపించేస్తానన్నారు కదమ్మా..."

"ఎవరు పంపిస్తారు? మీరు లేకపోతే పొద్దున్నే నాకు తలుపెవరు తీస్తారు? లేవండి. నడుం ఎలా ఉంది?"

"తగ్గిందమ్మా," అన్నాడు కాంపౌండరు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

మేష్టారు ఇంకా చెబుతూనే ఉన్నారు. రొయ్యకి ఎన్ని కాళ్ళుంటాయో, ఏ కాలుతో ఏం చేస్తుందో. కాంపౌండరు గోళాన్ని ఆయన కళ్ళకెదురుగా పట్టుకుని ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. మేష్టారు ఒక్కో అడుగూ ముందుకు వేశారు. ఏడో జత కాళ్ళ దగ్గరికొచ్చేసరికి కుర్చీలో ఉన్నారు. పదో జత చెప్పడానికి నోరు తెరిచారు. డాక్టరమ్మ ఇక ముయ్యనివ్వలేదు. ఇరవై నిమిషాల తర్వాత దవడలో దూదితో, నొప్పి పోయిన ఆశ్చర్యంతో ఆయన బయటికొచ్చేసరికి నిలబడడానికి చోటు లేదు.

బామ్మగారి ఫోన్లు ఫలించాయి. చెల్లెలూ, వియ్యపురాలూ, వాళ్ళ ఇరుగూ పొరుగూ మెట్ల దాకా బారులు తీరారు. ఏళ్ళ తరబడి దవడనొప్పి దాచుకుని తిరిగినవాళ్ళు కూడా ఉన్నారందులో. కాంపౌండరు స్టూలెక్కి అవి రొయ్యలని చెప్పాడు. వింటున్నవాళ్ళ మొహాలు వాడిపోయాయి. "వాళ్ళలాగే అంటారు, పైకి ఒప్పుకోరు," అని బామ్మగారు మెల్లిగా సర్దిచెప్పింది. దాంతో ఎవరూ వరసలోంచి కదల్లేదు. అందరికీ తమ పురుగుని కళ్ళారా చూసుకోవాలన్న ఆత్రమే గాని, ఒక్కరి మొహంలోనూ భయమన్నది కనిపించలేదు.

సాయంత్రానికి డాక్టరమ్మ పద్నాలుగు పళ్ళు పీకింది. ఒక్కదాంట్లోనూ పురుగు రాకపోవడంతో, ఆవిడ పనితనం మీద ఆ వీధిలో అనుమానాలు మొదలయ్యాయి.