కువైట్ కొట్టుకు మార్కాపురం కాగితం

ఆ రోజు పొద్దున లాల్ అహ్మద్ పెట్టుకున్న పని ఒక్కటే. అంచు విరిగిన పలక మీద సుద్దముక్కతో 'అద్దెకు ఇవ్వబడును' అని రాసి, ఇంటి ముందరి షట్టరు గదికి వేలాడదీయడం. నలభై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో రాళ్ళు కోసిన మనిషి ఫ్లెక్సీకి డబ్బు తగలేయడు. భార్య ఫిర్దౌస్ పోయి ఐదేళ్ళయింది. ఆమె పోయాక ఆయన నోట మెచ్చుకోలు మాట ఎవరూ వినలేదు. అంతకుముందు విన్నారా అంటే, ఫిర్దౌస్ కూడా వినలేదు.

ఇల్లు ఆయన పేరున ఉంది. కట్టించింది మాత్రం ఆయన చెల్లెలు ఖాతూన్బీ కూతురు షాయిస్తా, కువైట్‌లో సంపాదించిన సొమ్ముతో. 'పిల్ల దేశంలో లేదు, సంతకాలకు ఎవరో ఒకరు ఉండాలి గదా' అని ఆరేళ్ళ కిందట ఆయనే స్థలం తన పేరున రాయించుకున్నాడు. ఆరేళ్ళుగా కరెంటు బిల్లు మీద తన పేరు చూసి చూసి, ఇల్లు తనదేనని ఆయనకు నిజంగానే నమ్మకం కుదిరింది. హాలు, ఫ్యాను ఉన్న గది ఆయనవి. ఖాతూన్బీది వెనక రేకుల గది.

పలక మీద 'అద్దె' వరకు వచ్చాడో లేదో ఫోను మోగింది. షాయిస్తా.

"మామూ, నా కొట్టు పోయేటట్టుంది."

పద్నాలుగేళ్ళ కిందట ఆ పిల్ల ఇంటిపనికి కువైట్ పోయింది. ఆ ఇంటివాళ్ళు ఎనిమిది నెలలు జీతం ఇవ్వకపోతే బయటికి వచ్చేసింది. దాంతో అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, పోయింది. అకామా లేని మనిషి పేరున అక్కడ దుకాణం ఉండటానికి వీల్లేదు. అయినా డ్రైవర్లు ఉండే గదుల్లో ఇడ్లీలు అమ్మి, ఆ తరువాత ఒక కొట్టు పట్టుకుని, ముగ్గురిని పనిలో పెట్టుకుని దోసెలు పోస్తోంది. లైసెన్సు అబూ ఫహద్ అనే ముసలి అరబ్బు పేరున. ఇప్పుడు ఆ ముసలాయన అల్లుడికి కొట్టు మీద కన్ను పడింది.

"పేరు మాది, కొట్టు మాది, నెలాఖరుకు తాళం ఇచ్చిపో అంటాండాడు మామూ. నేను నోరు తెరిస్తే పోలీసును పిలుస్తాడంట."

లాల్ అహ్మద్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "సొమ్మొకడిది, సోకొకడిదా? పేరు పెట్టుకున్నంత మాత్రాన వానిదై పోతాదా? ఉండు. మార్కాపురం అంటే ఏందో వానికి చూపిస్తా."

పలకను అరుగు మీద పారేసి, నేరుగా దస్తావేజులు రాసే ప్రకాశరావు దగ్గరికి పోయాడు. ప్రకాశరావు అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అన్నా, మన కాగితం కువైట్‌లో చెల్లదు. ఎవరో ఫారినోడు వచ్చి మన కాడ చేను కొంటానంటే మనోళ్ళు ఒప్పుకుంటారా? అదీ అట్లనే."

"వంద రూపాయల స్టాంపు మీద రాసి ఎర్ర సీలు ఏస్తే యాడైనా చెల్లుతాది. రాయి."

ప్రకాశరావు వృత్తి రాయడం. రాసింది చెల్లేలా చూడటం కాదు. కాగితం తీసి, ఫోను స్పీకరులో పెట్టించాడు.

"హద్దులు చెప్పమ్మా. తూర్పున ఏముంది?"

"ఇసక, సార్."

"ఎవరిది?"

"ఎవురిదీ కాదు."

"ప్రభుత్వ పోరంబోకు," అని రాసుకున్నాడు ప్రకాశరావు. "పడమర?"

"ఈజిప్టు ఆయన మంగలి షాపు."

"వాళ్ళ నాయన పేరు?"

"తెలీదు సార్. గడ్డం బాగా గీస్తాడు."

"ఉత్తరం?"

"బంగ్లాదేశ్ ఆయన కూరగాయల బండి. పోలీసు కనపడితే ఉండదు."

"పరిగెత్తే హద్దు రాయకూడదమ్మా. ఖాళీ జాగా అని రాస్తా. దక్షిణం?"

"రోడ్డు సార్," అంది షాయిస్తా. "మామూ, ఈ ఒక్క కొట్టుకేనా రాయిస్తాండారు? రేపు ఇంకోటి ఇంకొకరి పేరున పెడితే మళ్ళా ఇదే గోల గదా?"

పిల్లకు బుర్ర ఉందని లాల్ అహ్మద్‌కు అనిపించింది. ఆ మాట పైకి రానివ్వలేదు. "అది నాకు తెలీదా? రాయి ప్రకాశరావూ. ఏ దేశంలోనైనా, ఏ ఊళ్ళోనైనా, ఎవురి పేరున ఉన్నా సరే, షాయిస్తా సొమ్ముతో లేచింది షాయిస్తాదే. పేరు పెట్టుకున్నోడు ఒట్టి కాపలా మనిషి."

ప్రకాశరావు కలం ఆపాడు. "ఏ ఊళ్ళోనైనా?"

"చెవుడా నీకు? రాయి."

రాశాడు. మొదటి సాక్షి సంతకం లాల్ అహ్మదే పెట్టాడు, పేరు చివర గీత కూడా లాగాడు. రెండో సాక్షి, టీ ఇవ్వడానికి వచ్చిన పౌలు. నోటరీ ఎర్ర సీలు పడింది. కాగితం ఫొటో కువైట్ పోయింది. అక్కడితో ఆగితే బాగుండేది.

లాల్ అహ్మద్‌కు ఆ కాగితం మీద ప్రేమ పుట్టింది. పది జిరాక్సులు తీయించాడు. ఒకటి లామినేషన్ చేయించి పౌలు టీ కొట్టు గోడకు అంటించాడు. టీ తాగే ప్రతివాడికీ చదివి వినిపించాడు. పౌలు కొట్టుకు వచ్చేవాళ్ళకు చదువు తక్కువేమో గానీ జ్ఞాపకం తక్కువ కాదు. వారం తిరిగేసరికి, "పేరు పెట్టుకున్నోడు?" అని ఒకడు అంటే, "ఒట్టి కాపలా మనిషి!" అని బెంచీ మొత్తం అందుకునేది.

కాగితం ఫొటో వాట్సాప్‌లో పొదిలి దాకా పోయింది. దారిలో దోసెల కొట్టు కాస్తా హోటలయింది, హోటలు మూడంతస్తులయింది. కొనకనమిట్ల నుంచి ఆదెమ్మ ఇద్దరు కొడుకుల పాస్‌పోర్టు ఫొటోలు పట్టుకుని వచ్చింది. "పెద్దోనికి మేనేజరు పని చాలు నాయనా, చిన్నోనికి ఏదైనా సరే." పెద్దారవీడు అవతలి అడవి నుంచి బయన్న తేనె సీసాలు తెచ్చి, కువైట్ హోటలుకు నెలకు ఎన్ని కావాలో చెప్పమన్నాడు. లాల్ అహ్మద్ కాదనలేదు, అవుననలేదు. తేనె తీసుకున్నాడు.

మధ్యలో పలక కూడా పూర్తిచేసి షట్టరుకు తగిలించాడు. సెల్‌ఫోన్లు అమ్మే నాగేంద్ర గది మాట్లాడుకున్నాడు. రెండు నెలలు తిరిగాక, ఒకటో తేదీన అద్దాల బీరువాలు ఆటోట్రాలీలో వేసుకుని దిగాడు. తాళం చెవి అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మామా, ఒక డౌటు. ఈ ఇల్లు ఎవురి సొమ్ముతో కట్టినారు?"

"నీకెందుకురా?"

"పౌలన్న కొట్లో కాగితం చదివినా. ఏ దేశంలోనైనా అంటే, ఇండియా దేశం కాదా?"

"అది వేరే, ఇది వేరే!" అని లాల్ అహ్మద్ అరిచాడు. ఏది ఎట్లా వేరో ఆలోచిస్తుండగానే ఇంకో ఆటో వచ్చి ఆగింది.

షాయిస్తా దిగింది. అకామా లేనివాళ్ళు జరిమానా కట్టకుండా సొంత దేశం పోవచ్చని అక్కడి ప్రభుత్వం గడువు ఇస్తే, చెప్పాపెట్టకుండా వచ్చేసింది. రెండు పెట్టెలు, కంబళిలో చుట్టిన పెద్ద పెనం. ఖాతూన్బీ వెనక గది నుంచి పరుగెత్తుకొచ్చి కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. షాయిస్తా తల్లి కళ్ళు తుడిచి, షట్టరు వంక చూసింది.

"మామూ, ఈ గదిలో దోసెల కొట్టు పెడతాండా."

"నాగేంద్రకు ఇచ్చినా. ఇల్లు నా పేరున ఉంది, నా ఇష్టం."

ఆ మాట అన్నాక గానీ ఆయన చుట్టూ చూడలేదు. పౌలు టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. బెంచీ మొత్తం లేచి వచ్చింది.

షాయిస్తా సంచిలోంచి కాగితం తీసి నెమ్మదిగా చదివింది. "ఏ దేశంలోనైనా, ఏ ఊళ్ళోనైనా, ఎవరి పేరున ఉన్నా సరే, షాయిస్తా సొమ్ముతో లేచింది షాయిస్తాదే. పేరు పెట్టుకున్నోడు..."

"ఒట్టి కాపలా మనిషి!" అన్నారు అందరూ. అలవాటు కొద్దీ అన్నారు గానీ, అన్నాక నవ్వారు.

ప్రకాశరావుకు కబురుపోయింది. లాల్ అహ్మద్ ఆయన్ను పక్కకు లాగాడు. "ఇది కోర్టులో నిలబడతాదా?"

"కోర్టు సంగతి చెప్పలేనన్నా. మార్కాపురంలో నిలబడతాది. ఊరందరికీ నువ్వే చదివి వినిపిస్తివి గదా."

"మరి కువైట్ కొట్టు?" అని షాయిస్తాను అడిగాడు లాల్ అహ్మద్, చివరి గడ్డిపోచ పట్టుకున్నట్టు. "ఆ అరబ్బు అల్లుడికి ఈ కాగితం చూపించినావా?"

"ఆయనకు తెలుగు రాదు మామూ. తాళం అడిగినాడు, ఇచ్చేసినా. ఎనిమిది రోజులకు మూసేసినారు. పిండి పులిసేది వాళ్ళ లైసెన్సుతో కాదు గదా. ముసలాయన రోజూ ఫోను చేసి పెసరట్టు అడుగుతాడు, పాపం."

లాల్ అహ్మద్ కంబళి తొలగించి పెనం చూశాడు. అంచులు నల్లగా మాడి, నడుమ అద్దంలా నున్నగా ఉంది. ఒక పలకను అంత నునుపు చేయడానికి ఎన్ని చేతులు అరగాలో ఆయనకు తెలుసు. నలభై ఏళ్ళు రాయి కోసి, ఒక్క ఫ్యాక్టరీకైనా ఆయన తన పేరు పెట్టుకోలేకపోయాడు. ఈ పిల్ల పేరే ఉండకూడని చోట ఇన్నేళ్ళు పొయ్యి ఆరనివ్వలేదు. తల్లికి ఇల్లు కట్టింది. అందులో తనకూ నీడ దొరికింది. ఆయన తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు. నాగేంద్ర బీరువాలు దించకుండానే ట్రాలీ తిప్పుకున్నాడు.

పదిహేను రోజుల్లో ఇల్లు షాయిస్తా పేరున రిజిస్టరయింది. ప్రకాశరావు ఈసారి హద్దులు అడగకుండానే రాశాడు. ఖాతూన్బీ ఫ్యాను ఉన్న గదిలోకి మారింది, అన్న పరుపును రేకుల గదిలో తనే పరిచింది. షాయిస్తా ఒక్క వాక్యం అదనంగా చేర్పించింది: లాల్ అహ్మద్ వెనక గదిలో ఉండటానికి యజమానురాలి అనుమతి ఉంది. ఊళ్ళో దానికి 'మామ అకామా' అని పేరు పడింది.

కొట్టు తెరిచిన రోజు ఆ విరిగిన పలక మీదే దోసెల పేర్లు రాసి వేలాడదీశారు. మొదటి దోసె లాల్ అహ్మద్‌కే వేశారు. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఆ రోజు ఫోనులో, ఒక్క కొట్టుకేనా అని అడిగితివి చూడు. తెలిసే అడిగినావా?"

"దోసె చల్లారిపోతాంది మామూ."

ఆయన తిన్నాడు. రెండోది కూడా తిన్నాడు. గొంతు సవరించుకుని, చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుని, "బాగుంది," అన్నాడు.

అకామాకు గడువు ఎన్నాళ్ళో కాగితంలో రాయలేదు గనక, ఆ మాట ఆయన అప్పటి నుంచి రోజూ పొద్దున్నే అంటున్నాడు.